అమ్మవారి కల్లు, సారు సిద్ధాంతం

మాదాపూర్ ప్రజలందరికీ ముఖ్య ప్రకటన: ఈ రోజు మా బామ్మర్ది యాదగిరి ఒక లొట్టి కల్లు కొన్నాడు.

పోచమ్మ తల్లి ముందు సాకగా ధారపోయడానికి కొన్నాడు. మేమిద్దరం కల్లు కాంపౌండ్ బయటికి వచ్చేసరికి, ఒక కాలేజీ సారు విద్యార్థులతో నిలబడి ఉన్నాడు. యాదగిరిని వేలితో చూపించి పాఠం మొదలుపెట్టాడు. "ఇలాంటివాళ్ళు చుట్టుపక్కలవాళ్ళను చూసి మత్తు నేర్చుకుంటారు. అలా పెడదారి పడతారని ఒక సిద్ధాంతం."

నాకు ఒళ్ళు మండింది. "ఏంది సారూ, గిది అమ్మవారికి. మా యాదగిరి సోడా గూడ తాగడు!"

"మొదట అందరూ అలాగే అంటారండి" అని నవ్వాడు సారు.

అటుగా పోతున్న కొత్త ఆఫీసు బిల్డింగు సూపర్‌వైజర్ అదంతా విన్నాడు. సోమవారం నుంచి వాచ్‌మన్ పనికి రమ్మని యాదగిరికి చెప్పింది అతనే. "ఇగ నువ్వు రాకు. తాగుబోతులు మాకొద్దు" అనేసి, చంకలో సీసాతో వెళ్ళిపోయాడు.

మనిషికి తాగుబోతని పేరు పెట్టి, ఆ పేరుతో పని పోగొట్టి, రేపు ఖాళీగా తిరుగుతుంటే "చూశారా, పెడదారి" అంటారు. దీనికేం సిద్ధాంతముందో చదువుకున్నవాళ్ళు జర చెప్పండి, నేను ఐదో తరగతిలోనే బడి మానేశాను.

సూపర్‌వైజర్ చంకలో సీసా నేను కల్పించిందే. యాదగిరి సోడాలు బాగానే తాగుతాడు. పని పోయింది మాత్రం నిజం.