మస్తాన్ సాయిబు కుడిచెయ్యి

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్న భార్యకు కూడా. ఆమె ముప్పై ఏళ్ళు నా పక్కన బతికి, నన్ను మంచివాడనుకుంటూనే పోయింది. ఆ నమ్మకం కూడా ఇప్పుడు ఈ బరువులో కలిసింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడు నేను ఉదయగిరిలో బడిపంతులిని. ఇరవై ఆరేళ్ళు. ఖద్దరు కట్టేవాణ్ణి. మనుషులంతా ఒకటేనని పిల్లలకు చెప్పేవాణ్ణి. ఊరికే చెప్పడం కాదు, నమ్మేవాణ్ణి. నన్ను ఇప్పటికీ భయపెట్టేది అదే.

మస్తాన్ సాయిబు కొండ మీంచి కర్ర తెచ్చి గరిటెలూ చెంచాలూ చెక్కేవాడు. చెంచా కాడ మీద ఆకు ఈనెలంత సన్నని గీతలు తీసేవాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద. బడి వదిలాక ఆయన అరుగు మీద కూర్చుని ఆ చెయ్యి ఆడటం చూసేవాణ్ణి. పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆ అవసరం ఉండేది కాదు.

ఆ ఏడు నైజాం వైపు గొడవల గురించి రోజుకొక వార్త వచ్చేది. బస్సు దిగినవాడు ఒకటి చెబితే, సంతకు చేరేసరికి అది నాలుగయ్యేది. మా ఊరి సాయిబులకూ ఆ గొడవలకూ ఏ సంబంధమూ లేదు. అయినా వాళ్ళతో పలకరింపులు తగ్గాయి. గమనించాను. గమనించి ఊరుకున్నాను.

అప్పుడే ఊళ్ళో బర్రెలు చావడం మొదలైంది. మూడు రోజుల్లో మా బావ శేషయ్యవే రెండు పోయాయి. ఆయన మా అక్క మొగుడు. నేను వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. కొండ కింద కుంటలో నీళ్ళు తాగినవే చస్తున్నాయని ఎవరో అన్నారు. కుంటలో ఎవరో మందు కలిపారని ఇంకెవరో అన్నారు. ఆ 'ఎవరో'కి ఒక పేరు కావలసి వచ్చింది.

నాలుగో రోజు పొద్దున బడి దగ్గరికి మా బావ వచ్చాడు. వెంట పదిహేనుమంది దాకా ఉన్నారు. లోపల పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. బావ గడప బయటే నిలబడి అడిగాడు.

"పోయిన వారం మస్తాను మూటెత్తుకొని కుంటకాడికి పోయినాడంట. దోవలో నువ్వు ఎదురైనావంట. నిజమేనా?"

నిజమే. ఎదురైనప్పుడు ఆయన మూట విప్పి నాకు చూపించాడు కూడా. అప్పుడే కొట్టిన పచ్చికర్ర. పగలకుండా నానబెట్టుకోవడానికి తీసుకుపోతున్నాడు. ఆ మూటలో ఏముందో ఊళ్ళో నాకొక్కడికే తెలుసు.

"చూసినాను," అన్నాను.

"మూట ఉండిందా?"

"ఉండింది."

బావ ఇంకా నా మొహమే చూస్తున్నాడు. ఇంకేమైనా చెబుతాననుకున్నాడేమో. అందులో ఉన్నది కర్ర బావా, అంటే సరిపోయేది. అనలేదు. ఎందుకు? భయమా? కొంత భయమే, సాయిబుల పక్షం అంటారని. కానీ అంతేనా? ఎన్నోసార్లు ఈ ప్రశ్న దగ్గరికి వచ్చి వెనక్కి పోయాను, ఎందుకంటే అక్కడ భయం పక్కనే ఇంకొకటి కూర్చుని ఉంది: ఎప్పుడూ నా ఖద్దరును చూసి నవ్వుకునే ఆ పెద్దమనుషులంతా ఆ పూట నా నోటివంక చూస్తున్నారు, నన్ను తమవాడిగా చూస్తున్నారు, అది నాకు బాగుంది. రాయడానికే సిగ్గుగా ఉంది. కానీ బాగుంది.

పిల్లల్ని ఇళ్ళకు పంపి, ఆ గుంపు వెనకాలే వెళ్ళాను. ఆపడానికా, చూడటానికా? తెలియదు. కూలిపోయిన కోటగోడ చాటున నిలబడ్డాను. కొండ దిగి వస్తున్న మస్తాన్ సాయిబును పట్టుకుని బోర్లా పడేశారు. కుడిచెయ్యి బండమీద పెట్టించి రాళ్ళతో కొట్టారు. కొట్టినవాళ్ళు రాక్షసులు కారు. ఒకాయన కూతురి పెళ్ళికి గరిటెలు చెక్కింది ఆ చెయ్యే. సాయిబు వాళ్ళను వరసలు పెట్టి పిలుస్తున్నాడు. మామా అన్నాడు. అన్నా అన్నాడు. వాళ్ళు ఆ వరసలు వింటూనే కొట్టారు. నేను గోడ చాటునుంచి కదల్లేదు.

మధ్యాహ్నం మా అక్క అన్నం పెట్టింది. ఆకలేసింది. తిన్నాను. మారు కూడా అడిగాను. ఆ రోజు మొత్తంలో నన్ను ఎక్కువగా దిగ్భ్రాంతిపరిచేది ఇప్పటికీ ఆ రెండోసారి అడిగిన అన్నమే.

వారం తర్వాత పశువుల డాక్టరు వచ్చాడు. అది గొంతువాపు రోగమనీ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ గొడ్లు చస్తున్నాయనీ చెప్పాడు. మా బావ ఆ మాట విని, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. అంతే. అప్పటికే మస్తాన్ సాయిబు భార్యాబిడ్డలతో ఊరు వదిలిపోయాడు.

ఏడేళ్ళకు నాకు ఆత్మకూరు బదిలీ అయింది. బస్సులు ఆగేచోట ఒకాయన ఎడమచేత్తో శనక్కాయల పొట్లాలు కడుతున్నాడు. ముందు ఆయనే నన్ను గుర్తుపట్టాడు.

"అయివారూ, నేను, మస్తాన్ని. బాగుండారా?"

నా చూపు ఆయన కుడిచేతి మీదికి పోయింది. అది గమనించి ఆయన దాన్ని తువ్వాలు కిందికి లాక్కున్నాడు. నేను బాధపడతానని.

"ఆ పొద్దు మీరు ఊళ్ళో లేకపోతిరి," అన్నాడు. "ఉండుంటే చెప్పుందురు వాళ్ళకి. మూటలో ఏముండిందో మీరు చూసినారు గదా."

అక్కడ గుంపు లేదు. బావ లేడు. నన్ను ఎవరూ ఏమీ చెయ్యరు.

"అవును," అన్నాను. "ఊళ్ళో లేను."

"మా ఇంట్లో ఎప్పుడూ అదే చెప్తుంటాను. అయివారొక్కడు ఉండుంటే చాలునని."

పొట్లం ఒకటి నా చేతిలో పెట్టాడు. తీసుకున్నాను.

ఆ తర్వాత ఆయన బతికిన రెండేళ్ళూ ఆ దోవన పోకుండా చుట్టు తిరిగి బస్సెక్కాను. చెడు ఎక్కడుంటుంది? ద్వేషంలో ఉంటుందని పిల్లలకు చెప్పాను. నాకు ఆయనమీద ద్వేషం లేదు. ఇష్టం ఉంది. ఇష్టం ఉండీ ఆ పని చేశాను. ఒకసారి గుంపు ముందు, ఇంకోసారి ఎవరూ లేనప్పుడు. మొదటిదానికి భయం అనే పేరైనా పెట్టుకోవచ్చు. రెండోదానికి నా దగ్గర ఏ పేరూ లేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆయన తరఫున అది ఇవ్వడం మీ చేతిలో లేదు. కానీ ఆయన బిడ్డలెవరైనా ఇది చదివితే ఒకటి తెలియాలి. మీ నాయన నా గురించి ఇంట్లో చెప్పింది నిజం కాదు. ఆ పొద్దు నేను ఊళ్ళోనే ఉన్నాను. ఆయనకు ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. ఆయన కేకలన్నీ విన్నాను.

ఈ మూడు ముక్కలు రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆ మాత్రం తేలికైనా నాకు దక్కాలో లేదో తెలియదు.