గోల్ఫ్‌కు రమ్మన్నదీ నేనే, గేటు దగ్గర ఆపిందీ నేనే

నాకూ, నా మాట నమ్మి వచ్చినవారికీ జరిగిన అన్యాయాలను ముందుగా వరుసలో పెడుతున్నాను.

2006 నవంబరు: నా చేత టెలివిజన్‌లో ప్రజలను గోల్ఫ్‌కు ఆహ్వానింపజేసి, వచ్చినవారిని నా చేతనే వెనక్కి పంపించారు.

2007 జనవరి: ఆశ్రమ పాఠశాల పిల్లలకు ఆట నేర్పినందుకు నాకు మెమో ఇచ్చి, ఆట సామగ్రి లాక్కున్నారు.

2007 ఏప్రిల్: ‘ఈ ప్రాంత ప్రజలకు గోల్ఫ్‌పై ఆసక్తి లేదు’ అని ప్రధాన కార్యాలయానికి నివేదిక పంపి, మైదానం మూసివేశారు.

మొదటి రెండింటినీ ఉద్యోగంలో భాగమనుకొని భరించాను. మూడోది ఈనాటికీ దస్త్రాల్లో నిజంగా చెలామణీ అవుతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్ళే దారిలో, అడవి అంచున ఉన్న ఒక కర్మాగారపు టౌన్‌షిప్‌కు 2004 జూన్‌లో నేను స్పోర్ట్స్ సూపరింటెండెంట్‌గా వచ్చాను. టౌన్‌షిప్ క్లబ్ కార్యదర్శికి దిగువన, మైదానం సిబ్బందికి పైన ఉండే ఉద్యోగం. మాది తొమ్మిది హోల్స్, అంటే బంతిని పడేయాల్సిన గుంటలు తొమ్మిది ఉన్న మైదానం. ఆ ఎండకు నున్నని పచ్చిక నిలవదు కనుక హోల్ చుట్టూ ఇసుకలో వాడేసిన ఇంజను నూనె కలిపి చదును చేసేవాళ్ళం. పచ్చిక ఉన్న మైదానాల్లోలా దాన్ని గ్రీన్ అనరు, బ్రౌన్ అంటారు. బంతి కొట్టే కర్రకు కూడా క్లబ్ అనే పేరున్నా, క్లబ్ అనే సంఘంతో కలగలిసిపోకుండా ఇక్కడ స్టిక్ అని రాస్తాను. మేమూ అలాగే అనేవాళ్ళం.

ఆడేవారు కొద్దిమంది ఆఫీసర్లు మాత్రమే. ఆటగాళ్ళు పెరగకపోతే మైదానం నిర్వహణ ఆపేస్తామని ప్రధాన కార్యాలయం 2006లో హెచ్చరించింది. క్లబ్ కార్యవర్గం నన్ను పిలిచి, ఆటను జనంలోకి తీసుకెళ్ళమంది. స్థానిక కేబుల్ ఛానల్‌లో అరగంట కార్యక్రమం చేయమని సూచించింది కూడా కార్యవర్గమే.

నేను మనస్ఫూర్తిగా చేశాను. క్రికెట్‌కు జట్టు కావాలి, గోల్ఫ్‌కు అక్కరలేదు. రాత్రి షిఫ్ట్ దిగిన కార్మికుడు ఒక్కడే వచ్చి ఆడుకోవచ్చు, అరవై ఏళ్ళ రైతు కూడా ఆడవచ్చు అని చెప్పాను. స్టిక్ పట్టుకునే తీరు, భుజాలు తిప్పే తీరు చూపించాను. చివర కెమెరా వైపు తిరిగి, ‘ఏ ఊరివారైనా ఆదివారం ఉదయం రావచ్చు. స్టిక్‌లు మేమే ఇస్తాం. బూట్లు లేకున్నా పరవాలేదు’ అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు కార్యదర్శి కెమెరా పక్కనే నిలబడి తల ఊపుతున్నారు.

ఛానల్‌వారికి ఆదివారాలు వేయడానికి వేరే సరుకు లేదేమో, అదే కార్యక్రమాన్ని వారం వారం వేశారు. జనం రావడం మొదలైంది. పాల్వంచ నుంచి షిఫ్ట్ కార్మికులు, ఎర్రుపాలెం నుంచి ఒక కుటుంబం, తల్లాడ నుంచి రైతులు వచ్చారు. మొదటి ఆదివారం ఆడించాను. రెండో ఆదివారానికి కాలరున్న చొక్కా, బూట్లు, సభ్యుని సిఫారసు తప్పనిసరి అని గేటుకు బోర్డు తగిలించారు. జనానికి నచ్చజెప్పి పంపే పని నాకు అప్పగించారు.

తల్లాడ రైతు వెంకటేశ్వర్లు ఆ బోర్డు చదివి నా దగ్గరికి వచ్చాడు.

“టీవీల బూట్లు లేకున్నా రమ్మన్నది నువ్వే గద సారూ?”

“నేనే.”

“మరి గిప్పుడు పొమ్మంటున్నది?”

“నేనే.”

“గట్లయితే మీరిద్దరు మాట్లాడుకోని ఒక్క మాట జెప్పుండ్రి. అందాక మేమీడ కూసుంటం.”

వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఆ రోజే కుంజా రాములమ్మ వచ్చింది. అడవి లోపలి గిరిజన ఆశ్రమ పాఠశాలలో ఆటల టీచరు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలను వెంటబెట్టుకొని, రెండు బస్సులు మారి వచ్చింది. పిల్లల కాళ్ళకు చెప్పులు లేవని కాపలాదారు ఆపాడు.

“ఏంది సార్, మా పిల్లల కాళ్ళు గుచ్చుకుంటయా మీ గడ్డికి?” అని ఆమె నన్నే అడిగింది.

కార్యదర్శి దగ్గరికి వెళ్ళాను. ఆయన తాపీగా, “మిమ్మల్ని పెంచమన్నది సభ్యత్వాన్ని, జనాన్ని కాదు” అన్నారు.

ఆ మరుసటి వారం వాడకంలో లేని పాత స్టిక్‌లు కొన్ని స్టోరులో సంతకం పెట్టి తీసుకొని, నేనే ఆ పాఠశాలకు వెళ్ళాను. డిసెంబరంతా ఆదివారాలు అక్కడే నేర్పాను. పిల్లల కంటే ముందు రాములమ్మ నేర్చుకుంది. ఒకసారి ఆమె కొట్టిన బంతి కంచె దాటి పక్కనున్న మిరప చేలో పడింది. చేను యజమాని బంతి పట్టుకొని కోపంగా వచ్చాడు.

“నా చెట్లు ఇరిగినయ్. ఇది ఇయ్య.”

“ఇయ్యవా అన్నా? పిల్లల బంతి అది,” అంది రాములమ్మ.

ఆయన స్టిక్ వైపు కాసేపు చూశాడు. “ఇస్త గని, ఒక్కటి నేను గూడ కొట్టినంకనే.”

మూడుసార్లు గాలిని కొట్టాడు. పిల్లలు పక్కకు తిరిగి నవ్వుకున్నారు. నాలుగోసారి బంతి తగిలింది. మరుసటి వారం తమ్ముణ్ణి కూడా తీసుకొచ్చాడు. ఆసక్తి లేని ప్రాంతం ఇదే.

జనవరిలో మెమో వచ్చింది: సభ్యులు కానివారికి సంస్థ సామగ్రి వాడనిచ్చినందుకు సంజాయిషీ ఇవ్వాలి. ఇచ్చాను. జీపు వచ్చి స్టిక్‌లు తీసుకుపోయింది. రాములమ్మ, “మళ్ళెప్పుడొస్తరు సార్?” అని అడిగింది. పై నుంచి అనుమతి రావాలన్నాను. అనుమతి కోసం రెండుసార్లు రాశాను. జవాబు రాలేదు. ఆ పిల్లలు మళ్ళీ ఆ ఆట ఆడలేదు.

ఏప్రిల్‌లో, కార్యవర్గం ప్రధాన కార్యాలయానికి పంపబోయే నివేదిక నకలు నా బల్ల మీదికి వచ్చింది. టెలివిజన్ ద్వారా విస్తృత ప్రచారం చేసినా స్థానికులు ముందుకు రాలేదని అందులో ఉంది. వారిని గేటు దగ్గర నిలబడి వెనక్కి పంపిన మనిషిని నేను. ఆ నివేదిక కింద పరిశీలించినట్లు నా సంతకం కోరారు. పెట్టలేదు. నా సంతకం లేకుండానే వెళ్ళింది.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఒకటే. ఆటకు జనాన్ని పిలిచే బాధ్యత తీసుకునేవాడు, వారిని లోపలికి రానిచ్చే అధికారం కూడా రాతపూర్వకంగా తీసుకోవాలి. అది ఇవ్వకపోతే కెమెరా ముందు నిలబడకూడదు.

నాటి కార్యవర్గ సభ్యుల్లో చాలామంది విశ్రాంత జీవితంలో క్షేమంగా ఉన్నారు. వారిని అడుగుతున్నాను. ‘ఆసక్తి లేదు’ అన్న నిర్ణయానికి ఏ ఆధారంతో వచ్చారు? గేటు దగ్గరి నుంచి తిరిగి వెళ్ళినవారిని ఏ లెక్కలో వేశారు? ఆ వాక్యాన్ని ఉపసంహరించుకుంటారా, లేదా? నోటిమాటగా కాదు, కాగితం మీద, సంతకంతో జవాబు ఇవ్వాలని కోరుతున్నాను. ఒక ప్రతి నాకు, ఒక ప్రతి కుంజా రాములమ్మగారికి పంపించాలి.