నూకాలు తెచ్చిన తాడు

వాతావరణ మార్పుకి మీ ఇంటి నుంచే ఒక రుజువు తీసుకురండర్రా అని నిన్న మా తొమ్మిదో తరగతి పిల్లలకి చెప్పాను. ఈ రోజు అందరూ పేపర్ కటింగులు తెచ్చారు. నౌపడ అవతల సముద్రపొడ్డు నుంచి వచ్చే నూకాలు మాత్రం పాత వల తాడు చుట్ట మోసుకొచ్చింది. ఆటల పీరియడ్‌లో తాడు లాగడానికేమోనని బయట పెట్టి రమ్మన్నాను.

"ఆటకి కాదు టీచర్! మూడో క్లాసు నుంచీ ఏటా కార్తీక పున్నమికి మా గుమ్మం కాడి నుంచి కెరటం ఆగిన సోటు దాకా కొలిసి ముడేస్తన్నాను. మా తాత సెప్పినాడు."

గుమ్మం వైపు కొస నల్లబల్ల దగ్గర పట్టుకుని తాడు పరిచాం. మూడో క్లాసు ముడి వరండా దాటి గ్రౌండులో పడింది. పోయిన కార్తీకం ముడి మా గది గడప దగ్గరే ఆగిపోయింది.

"ఇప్పుడేం చేద్దామే?" అన్నాను.

"ఈ ఏడు మా పేటలో అన్ని గుమ్మాల కాడా కొలిసి, కాగితం మీద రాసి కలెక్టరు గారికి ఇస్తాం టీచర్. అంత పొడుగు తాడు కూడా అక్కర్నేదు."

రాత్రంతా కూర్చుని చేసుకున్న ఇరవై స్లైడులూ తెరవకుండానే ఇంటికొచ్చాను. మీరైతే ఆ మాట తర్వాత ఏం పాఠం చెప్పేవారు?