ఇంకొకరి చేతుల్లో మా పెద్దమ్మ గొంగడి

మొన్న టీవీలో యుద్ధ నిధికి విరాళాలు ఇస్తున్నవాళ్లను చూపించారు. తలుపంత చెక్కు పట్టుకుని, ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఇద్దరూ కెమెరా వైపే చూస్తున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటే ఒట్టు! నాకు నర్మెట్టలో ఉండిన మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

బంగ్లాదేశ్ యుద్ధం నాటి మాట. పెద్దమ్మకు ఒక్కడే కొడుకు. ఆ అన్న అప్పుడు సరిహద్దులో ఉన్నాడు, అతని దగ్గర్నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. బడి దగ్గర సిపాయిల కోసం దుప్పట్లు పోగుచేస్తున్నారనీ, జనగామ నుంచి పేపరాయన కెమెరాతో వస్తున్నాడనీ తెలిసి, పెద్దమ్మ కొడుక్కోసం నేయించి దాచిన నల్ల గొంగడి పెట్టెలోంచి తీసింది. తలకు నూనె రాసుకుని, పెళ్లిళ్లకు కట్టే చీర కట్టింది. "ఏందే పెద్దమ్మా గీ సోకు?" అని నేను ఏడిపిస్తే, "పేపర్ల నా బొమ్మ పడితే ఆడ ఎవలన్న వానికి చూపిస్తరు బిడ్డా. అవ్వ మంచిగనే ఉన్నదని వానికి ధైర్నం" అంది. నాకిక నవ్వు రాలేదు.

పేపరాయన ఎక్కిన బస్సు దారిలో చెడిపోయింది. అతను వచ్చేసరికే పెద్దమ్మ, ఇక రాడేమో అనుకుని, తన కొడుకు పేరు చెప్పి గొంగడి ఇచ్చేసింది. సిపాయి తల్లి అని తెలియగానే అతనికి ఎక్కడలేని హుషారు వచ్చింది. "అమ్మా, జర మళ్లొక్కసారి చేతుల్లకు తీస్కొని ఇయ్యి, ఫొటో తీస్త" అన్నాడు. పెద్దమ్మ చేయి చాచింది, మళ్లీ వెనక్కి తీసుకుంది. మా ఇళ్లల్లో ఒకరి పేరు మీద ఇచ్చినదాన్ని తిరిగి ముట్టుకోరు. ముట్టుకుంటే ఆ మనిషికి కీడు. "నా కొడుకు పేరు మీద ఇచ్చిన సారూ. నేను ముట్ట" అంది. బతిమాలారు, కసిరారు. ఊహూఁ, కదల్లేదు. చివరికి సర్పంచి భార్య ఆ గొంగడి పట్టుకుని నవ్వుతూ నిలబడింది.

పేపర్లో ఆ ఫొటోనే వచ్చింది. కింద పెద్దమ్మ పేరు, అన్న పేరు, ఊరి పేరు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఊరంతా నవ్వుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. పెద్దమ్మ "పోనీ తియ్, వాడు సల్లగుంటే సాలు" అని పనిలో పడింది.

ఎండలు ముదరకముందే అన్న వచ్చాడు. పెద్దమ్మను చూస్తూనే గడపలో కూలబడి ఏడ్చాడు. తోటి సిపాయికి ఇంటి నుంచి వచ్చిన పేపర్లో ఆ ఫొటో చూశాడట. "పేరేమో నీది, మొహమేమో సర్పంచమ్మది. నువ్వు లేవేమో, నాకు చెప్పలేక గిట్ల జేసిన్రేమో అనుకున్ననే అవ్వా. జాబు రాసి అడుగుదామంటే చెయ్యి రాలే" అన్నాడు.

"నేను ముట్టలే కొడుకా, గందుకే నువ్వచ్చినవ్" అని పెద్దమ్మ అతని తల నిమిరింది.

ఆ ఫొటో తీయడానికి రెప్పపాటు కాలం కూడా పట్టలేదు. మా అన్న మాత్రం ఆ చలికాలమంతా తల్లి లేనివాడిగానే బతికాడు.