తూలింది, పడలేదు

మా ఫిజియో మేడం పోయారు. మిర్యాలగూడ రైల్వే స్టేషన్ ముందు, పొద్దున తొమ్మిదింటికి, అంత జనం మధ్య పడిపోయారు. గుండె ఆగిందని తర్వాత డాక్టర్లు చెప్పారు. అక్కడ చేరినవాళ్లు మాత్రం ఫిట్స్ అనుకున్నారు. ఒకాయన తన బండి తాళాలు తీసి ఆమె అరచేతిలో పెట్టి, వేళ్లు గట్టిగా మూశాడట. ఇంకొకాయన ఉల్లిగడ్డ కోసం పక్క హోటల్లోకి పరిగెత్తాడట. తాళాలు పెట్టాక ఇంక చేయాల్సిందేమీ లేదన్నట్టు అందరూ చుట్టూ నిలబడ్డారు. మిల్లులో బస్తాలు మోసే హమాలీ ఒకతను అటుగా వచ్చి, గుర్తుపట్టి, ట్రాలీ ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకెళ్లేసరికి అంతా అయిపోయింది. అతనూ నాలాగే మేడం దగ్గర వైద్యం చేయించుకున్నవాడు. ఫోన్ చేసి చెప్పింది కూడా అతనే.

"తాళాలు వెట్టి సూసుకుంట నిలవడ్డరు టీచరమ్మా. ఒక్కడన్న లేపలే" అని ఏడ్చాడు.

వెంటనే తీసుకెళ్తే బతికేవారా అంటే నాకు తెలియదు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడూ అదే ఉంది. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు కోపం పనికిరాదంటారు, నాలుగు మంచి మాటలు చెప్పి దండం పెట్టాలంటారు. దండం పెడతాను. ముందు జరిగింది చెప్పనివ్వండి.

ఎనిమిదేళ్ల కిందటి మాట. అప్పటికి నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తున్నాను. మా ఊరు చివ్వెంల దగ్గర. తమ్ముడు బండి మీద దింపేవాడు. ఒకరోజు మలుపులో గొర్లమంద అడ్డం వచ్చింది. మాదీ గొర్లు కాసే ఇల్లే, అయినా గొర్రె ఎటు దూకుతుందో వాడు కనిపెట్టలేకపోయాడు. వాడికి మోచెయ్యి గీరుకుంది. నేను వెనక్కి పడ్డాను, తల రోడ్డుకు కొట్టుకుంది. స్కానింగ్ తీశారు. "లోపల ఏం లేదు, రెస్ట్ తీసుకోండి" అని డాక్టరు గోలీలు రాసిచ్చారు. ఏం లేదట! మంచం మీద పక్కకు ఒత్తిగిలితే ఇల్లు గిర్రున తిరిగేది. అన్నం పళ్లెం మీదికి వంగితే కడుపులో దేవేది. దొడ్డికి పోవాలంటే గోడ పట్టుకుని పోవాలి.

"కదలకు బిడ్డా, పండుకో. కండ్లు మూస్కో" అనేది అమ్మ. నేనూ అలాగే చేశాను. రెండు నెలలు కదలకుండా పడుకున్నాను. కదిలితే తిరుగుతుందని కదలలేదు, కదలనందువల్ల ఇంకా ఎక్కువ తిరిగింది. ఆ రెండో ముక్క నాకు ఎవరూ చెప్పలేదు.

సెలవు అయిపోయి బడికి వెళ్లిన మొదటి రోజు, ఏడో తరగతిలో, బోర్డు మీద లెక్క రాసి పిల్లల వైపు తిరిగాను. గది మొత్తం నాతోపాటు తిరిగి, నేను ఆగాక కూడా ఆగలేదు. కింద పడ్డాను. స్పృహ పోలేదు, అన్నీ వినబడుతున్నాయి. అటెండర్ ఆఫీసు తాళాల గుత్తి తెచ్చి నా చేతిలో కుక్కాడు. ఆయా ఉల్లిగడ్డ పగలగొట్టి ముక్కు దగ్గర పెట్టింది. "ఫిట్స్ కాదు, తల తిరిగింది" అంటున్నాను. "మాట్లాడకు టీచర్, గట్టిగ వట్టుకో" అన్నాడు అటెండర్. నలభై మంది పిల్లలు బెంచీలెక్కి చూశారు.

సాయంత్రానికి నా పేరు ఫిట్స్ టీచర్ అయింది. మర్నాడు కరస్పాండెంట్ పిలిచాడు.

"జర అర్థం జేస్కోండి మేడం. తల్లిదండ్రులు పరేషాన్ అయితున్నరు. మంచిగైనంక రాండి."

"నాకు ఫిట్స్ లేవు సార్."

"లెవ్వని మీరంటున్నరు. సూసినోళ్లు ఉన్నయంటున్నరు."

ఫిట్స్ ఉన్నా ఒక మనిషి పాఠం చెప్పకూడదని ఏముందో ఆ రోజు అడగాలని తోచలేదు. నాది కాని జబ్బును వదిలించుకోవాలన్న తొందరే నాకుంది. అమ్మయితే పాత ట్రంకుపెట్టె తాళాలు తాడుకు గుచ్చి నా నడుముకు కట్టింది. నడిస్తే గలగలమనేవి. మా అమ్మ మీద ప్రాణం పెట్టుకున్న దాన్ని, కానీ ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఆమెను నాలుగు తిట్టాలనిపించేది.

ఆ తాళాలతోనే మేడం దగ్గరికి వెళ్లాను. సూర్యాపేట పాత బస్టాండు వెనక, మందుల షాపు పైన ఒక గది. ఆమెది కోదాడ, రోజూ పొద్దున బస్సులో వచ్చేవారు, వారానికోసారి మిర్యాలగూడ వెళ్లి బస్తాలతో పడ్డ హమాలీలను చూసేవారు. యాభై దాటిన మనిషి, లావు కళ్లద్దాలు, కొప్పులో దోపిన పెన్ను. పక్షవాతం వచ్చినవాళ్లకు కాళ్లు పిసికే ఆమె అనే ఊళ్లో పేరు. పిసకడం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

మేడం నా బొటనవేలు నా ముఖం ముందు పెట్టించి, దాన్నే చూస్తూ తల అటూ ఇటూ ఊపమన్నారు. నాలుగోసారికే కళ్లు మూసేసుకున్నాను.

"పడుకుంటే తగ్గుద్దని నీకెవరు చెప్పారమ్మా?"

"అందరు, మేడం."

"అందరికీ ఫీజు ఇచ్చావా?" అని నవ్వి, అప్పుడు చెప్పారు. "దెబ్బకి చెవి లోపలి తూకం కదిలింది. నీ చెవి ఒకటి చెప్తోంది, కన్ను ఒకటి చెప్తోంది. ఎవరి మాట వినాలో తెలీక మెదడు నిన్ను పడేస్తోంది. దానికి మళ్లీ నేర్పాలి. పడుకుని నేర్పలేం."

లేవబోతుంటే నడుము దగ్గర తాళాలు మోగాయి. ఏంటని అడిగారు, చెప్పాను. ఆమె ముఖం ఎర్రబడింది. కత్తెరతో తాడు కత్తిరించి గుత్తిని బల్ల మీద పడేశారు.

"ఇవి తలుపులకమ్మా, మనుషులకి కాదు. నిజంగా ఫిట్స్ వచ్చినా ఇంతే. చేతిలో ఇనుము పెట్టి చోద్యం చూస్తారు, ఆస్పత్రికి మాత్రం తీసుకెళ్లరు."

మూడు నెలలు. గోడకు 'అ' అని రాసిన కాగితం. దాని మీద చూపు నిలిపి తల ఊపాలి. మడిచిన బొంత మీద కళ్లు మూసుకుని నిలబడాలి. నేల మీద సుద్దగీత వెంట తల తిప్పుకుంటూ నడవాలి. నడిచేటప్పుడు ఆమె కూడా చెప్పులు విప్పి పక్కనే నడిచేవారు, కానీ చెయ్యి పట్టుకునేవారు కాదు. మూలన బకెట్ ఉండేది. కక్కిన రోజు ఫ్లాస్కులోంచి టీ పోసి, తాగాక మళ్లీ నిలబెట్టేవారు. ఇంటి దగ్గర చేయాల్సినవి పాత క్యాలెండర్ కాగితాల వెనక రాసిచ్చేవారు. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చేది. ఒకసారి అరిచాను.

"పడకుంట జెయ్యుమని వస్తే ఇంక తిప్పుతున్నరేంది మేడం?"

"పడకుండా ఉండటం నేను నేర్పను. తూలినాక నిలబడటం నేర్పుతా" అన్నారు. ఆ రోజు మరో రెండు రౌండ్లు తిప్పించారు.

తగ్గాక బడికి వెళ్తే కరస్పాండెంట్ ఫిట్స్ లేవని సర్టిఫికెట్ తెమ్మన్నాడు. మేడం ఇవ్వనన్నారు. "లేని జబ్బు లేదని నేనెందుకు రాయాలి?" అని నాతోపాటు బడికి వచ్చారు. అదే ఏడో తరగతి, కరస్పాండెంట్ ముందే. నన్ను బోర్డు మీద లెక్క రాయమని, పిల్లల్ని ఒక్కొక్కరుగా నన్ను పిలవమన్నారు. ఎడమ నుంచి ఒకరు, కుడి నుంచి ఒకరు. పిలిచినప్పుడల్లా తిరగాలి, జవాబు చెప్పాలి, మళ్లీ బోర్డుకు. ఆరో ఏడో పిలుపుకు నా కాలు తడబడింది. అటెండర్ గుత్తితో సిద్ధంగా ఉన్నాడు, ముందుకు ఉరికాడు. మేడం గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగు బాబూ. తూలింది, పడలేదు."

నేను పాదాలు ఎడం చేసుకుని నిలబడ్డాను. లెక్క పూర్తి చేశాను. అటెండర్ గుత్తి జేబులో వేసుకున్నాడు. ఆ వచ్చే సోమవారం నుంచి మళ్లీ ఉద్యోగంలో ఉన్నాను, ఇప్పటికీ అదే ఉద్యోగం.

ఇంతవరకూ మంచి మాటలే. అసలు కోపం ఇకనుంచి.

తర్వాత కొన్నేళ్లకు మేడం ఒకరోజు బడి దగ్గర ఆగారు. "పొద్దున ప్రార్థనలో పిల్లలకి పది నిమిషాలు చెప్పు. ఎవరైనా పడితే తాళాలు పెట్టొద్దని, ఆస్పత్రికి తీసుకెళ్లమని. నేను చెప్తే వినరు, నీకు జరిగింది కాబట్టి నువ్వు చెప్తే వింటారు" అన్నారు. చెప్తానన్నాను. చెప్పలేదు. ఫిట్స్ టీచర్ అన్న మాట అప్పుడప్పుడే చచ్చిపోయింది, దాన్ని నేనే లేపడమెందుకనుకున్నాను. ఇంకోసారి కనబడి "చెప్పావా?" అని అడిగారు. "చెప్పిన మేడం" అన్నాను. ఆ అబద్ధానికి ఆమె సంతోషించి నా భుజం తట్టారు.

అంతకంటే సిగ్గుపడేది ఒకటుంది. పోయిన చలికాలం ప్రార్థనలో ఎనిమిదో తరగతి పిల్ల కళ్లు తిరిగి పడింది. అటెండర్ గుత్తి తెచ్చి దాని చేతిలో పెట్టాడు. నేను నాలుగడుగుల దూరంలో నిలబడి చూశాను. నోరు తెరవలేదు. ఆ పిల్ల తనంతట తనే లేచింది కాబట్టి మర్చిపోయాను.

మిర్యాలగూడ జనాన్ని తిట్టాలని కూర్చుంటే ఆ గుంపులో నా ముఖమే కనబడుతోంది. వాళ్లకు తెలియదు. నాకు తెలుసు.

కోదాడలో మేడంను సాగనంపి వచ్చిన మర్నాడు ప్రార్థన అయ్యాక మైకు తీసుకున్నాను. ఏడో తరగతిలో నేను పడ్డ సంగతి, ఫిట్స్ టీచర్ అన్న సంగతి, నడుముకు తాళాలు, బకెట్, అన్నీ చెప్పాను. స్టేషన్ ముందు ఏం జరిగిందో కూడా చెప్పాను. మనిషి పడితే పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆటో పిలిచి, దవాఖానకు తీసుకుపోవాలని పిల్లలతో మూడుసార్లు అనిపించాను. కరస్పాండెంట్ దగ్గరికొచ్చి "గీ ముచ్చట్లన్ని ఇప్పుడెందుకు మేడం, మళ్లా అదే పేరు వెడ్తరు" అన్నాడు మెల్లగా.

"పెట్టనీ సార్" అన్నాను. మైకు ఆన్‌లోనే ఉంది.

తల తిరగడమంటే ఏమిటో తెలియాలని పిల్లల్ని కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమన్నాను. గ్రౌండంతా బడి పిల్లలు, ఎండలో, ఒక్కరు కూడా కుదురుగా లేరు. చేతులు చాపి, పెదవులు బిగబట్టి, అటు ఒరిగి ఇటు ఒరిగి, కాలు దించి మళ్లీ ఎత్తి, నిలబడుతున్నారు.