బాల్చీలో తేరని నీళ్ళు

ఎర్రదుమ్ము బట్టలు ఎలా ఉతకాలో మా వీధిలో ఆడవాళ్ళందరికీ తెలుసు. పోర్టులో ఇనపరాయిని ఓడలకెక్కించే ఓరు ప్లాంటులో పనిచేసే మగవాళ్ళ బట్టలు ముందే రుద్దకూడదు. రుద్దితే ఆ ఇనపరాతి దుమ్ము నూలులోకి దిగిపోయి ఇక వదలదు. బాల్చీలో నీళ్ళు పోసి, బట్టలు ముంచి, రెండు గంటలు కదపకుండా వదిలెయ్యాలి. దుమ్ము బరువైనది కాబట్టి దానంతటదే అడుగుకు చేరుతుంది. పైన నీళ్ళు తేటపడతాయి. అవి వంచేసి, అడుగున మిగిలిన ఎర్రబురద కాలవలో పోసి, అప్పుడు సబ్బు పెట్టాలి. నాకిది అమ్మ నేర్పింది. ఆవిడ పోయాక, ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి, నాన్న బట్టలు నేనే ఉతకడం మొదలుపెట్టాను.

డెబ్భై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలం మొదట్లో, ఒక రోజు రెండు గంటలు దాటినా పైనీళ్ళు తేరలేదు.

ఖాకీ రంగు పోతోందేమో అనుకున్నాను. మర్నాడూ అంతే. మూడో రోజు చొక్కా ఒక బాల్చీలో, పంట్లాం ఇంకో బాల్చీలో నానబెట్టి, గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతూ చూశాను. చొక్కా నీళ్ళు తేరాయి. పంట్లాం నీళ్ళు తేరలేదు. అడుగున దుమ్ము చేరింది కానీ, దాని మీద నీళ్ళు పల్చటి ఎరుపుగా అలాగే నిలబడి ఉన్నాయి. ఒక ఈగ వచ్చి ఆ బాల్చీ అంచున వాలింది. చొక్కా బాల్చీ వైపు వెళ్ళలేదు.

ఆ సంగతి ఎవరికి చెప్పాలో నాకు తెలియలేదు.

మా నాన్న పేరు అప్పలసూరి. చోడవరం దగ్గర పల్లెలో చెరుకు కొట్టే పని వదిలి, ప్లాంటు పెట్టిన కొత్తలో పోర్టుకొచ్చాడు. రాయిని యార్డు నుంచి ఓడ దాకా మోసుకెళ్ళే పొడవాటి రబ్బరు బెల్టుకు ఆయన కాపలా. బెల్టు పక్కనే ఎత్తున ఒక ఇనప నడవ ఉంటుంది. పార భుజాన వేసుకుని షిఫ్టు అయ్యేదాకా దాని మీద అటూ ఇటూ నడవాలి. రాలిన రాయి ఎత్తి మళ్ళీ బెల్టు మీద వెయ్యాలి. ఎక్కడైనా ఏదైనా ఇరుక్కుంటే పక్కన సాగదీసి కట్టిన తాడు లాగాలి. లాగితే బెల్టు మొత్తం ఆగిపోతుంది, ఓడలోకి రాయి పడటం ఆగిపోతుంది. పదమూడేళ్ళలో ఆయన తాడు లాగింది నాలుగుసార్లే. ఆ లెక్క చెప్పేటప్పుడు మాత్రమే నాన్న ముఖంలో నవ్వు కనిపించేది. మిగతా వేళల్లో మాటలు తక్కువ. బెల్టు మోతకు అలవాటుపడ్డ గొంతుతో ఇంట్లోనూ గట్టిగా మాట్లాడేసి, తర్వాత తనే సిగ్గుపడి ఊరుకునేవాడు.

ఆయన్ని గమనించడం మొదలుపెట్టాక ఒక్కొక్కటిగా కనిపించాయి. పొద్దున్న దొడ్లోకి వెళ్ళిన మనిషి తిరిగొచ్చేసరికి ఇద్దరు ముగ్గురు అద్దెవాళ్ళు చెంబులు పట్టుకుని నిలబడి ఉండేవారు. మంచం మీద ఒక పక్కకే ఒరిగి కూర్చునేవాడు. కూరలో కారం వద్దన్నాడు. తర్వాత పీట వద్దన్నాడు. కంచం చేత్తో పట్టుకుని గోడకానుకుని నిలబడి తినేవాడు.

అంతకు ముందు ఏడాది తాతబాబు అనే ఆయన, నాన్నతో పనిచేసేవాడే, ఆ నడవ మెట్ల మీంచి కళ్ళు తిరిగి పడిపోయి చనిపోయాడు. పదోరోజు భోజనాలకు వెళ్ళినప్పుడు వాళ్ళావిడ ఎవరితోనో అంటుంటే విన్నాను. ఆఖరి రోజుల్లో ఆయన అన్నం నిలబడే తినేవాడట.

నాన్న షిఫ్టులోనే పనిచేసే జగ్గారావు మావయ్య సాయంత్రాలు మా ఇంటికొచ్చేవాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఇద్దరూ బావా బావా అనుకునేవారు. ఒకరోజు నాన్న నిలబడి తినడం ఆయన చూశాడు.

"ఏటి బావా, నిలబడి తింతన్నావు? కూకుంటే పీట అరిగిపోద్దనేటి?"

నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. గోడ పల్చటిది, అన్నీ వినిపిస్తాయి.

"మొలలు బావా," అన్నాడు నాన్న, ఆయన గొంతుకు చేతనైనంత నెమ్మదిగా. "బయటికొచ్చీసి మరి లోపలికి ఎల్లట్లేదు. రగతం కూడా పడతంది."

"ఓస్, అదేనా! మన బెల్టోళ్ళలో సగం మందికున్నాయి. రాయి ఏడి ఒంట్లోకి ఎక్కీసింది, మరేటి? పడనీ. సెడ్డ రగతం పోతాది. పంట్లాం ఎలాగూ ఎర్రగానే ఉంటాది, ఎవుడు సూత్తాడు?"

ఇద్దరూ నవ్వారు. మా వాళ్ళందరూ నమ్మేది అదే. ప్లాంటులో అందరి బట్టలూ ఎర్రగా ఉంటాయి కాబట్టి ఎవరిదీ ఎవరికీ కనబడదు. కొన్నాళ్ళకు తమది తమకే కనబడదు.

జగ్గారావు మావయ్య మాట మీద నాన్న కురుపాం మార్కెట్ దగ్గర కరీం బాషా గారి కొట్లో గుర్రపు లాడంతో ఉంగరం చేయించుకుని వేలికి పెట్టుకున్నాడు. అది ఒంట్లో వేడిని లాగేస్తుందని అంటారు. కంద కూర వండమన్నాడు. పూటపూటా మజ్జిగ తాగాడు. నెల రోజులు నీళ్ళు తేరాయి. ఉంగరం పనిచేసిందని జగ్గారావు మావయ్య, కంద పనిచేసిందని నేను అనుకున్నాం. ఆషాఢంలో నీళ్ళు మళ్ళీ ఎరుపెక్కాయి. ఈసారి ముందుకన్నా చిక్కగా ఉన్నాయి.

నాన్న రంగు మారింది. నల్లటి మనిషి బూడిద పూసినట్టు అయ్యాడు. మా గుమ్మానికున్న మూడు మెట్లూ ఎక్కి, ద్వారబంధం పట్టుకుని ఆగేవాడు. మేం అద్దెకుండే వాటాలోకి బెల్టు మోత రోజంతా వినిపించేది. మా వన్ టౌన్‌లో పుట్టి పెరిగినవాళ్ళకి అది వినపడనే వినపడదు. నాకు మాత్రం ఆ రోజుల్లో నిద్రలేచింది మొదలు అదే వినిపించేది.

ఒక బుధవారం జగ్గారావు మావయ్య కొత్త కబురు తెచ్చాడు. "మద్దిలపాలెం లాడ్జీలో ఒకాయన ఉన్నాడు బావా. కోత నేదు, కుట్టు నేదు. మందు రాత్తాడు, మొల మాడిపోయి రాలిపోద్ది. ఆదివారం నాను తీసుకెల్తాను."

"పెద్దాసుపత్రికి ఎల్తే?" అన్నాడు నాన్న.

"ఎల్లు. పంట్లాం ఇప్పించి పదిమంది సదువుకునే పిల్లల్ని పిలిసి సూపిత్తారు. అందులో ఆడపిల్లలు కూడా ఉంటారు."

నాన్న "ఆదివారం ఎల్దాం" అన్నాడు.

మర్నాడు నేను పంట్లాం బాల్చీలోంచి పైనీళ్ళు ఒక ఖాళీ టానిక్ సీసాలోకి వంపి, మూత బిగించి, కొంగులో దాచుకుని కరీం బాషా గారి కొట్టుకు వెళ్ళాను. నాన్న ఉంగరం దేనికో తెలిసిన పెద్దవాళ్ళలో, జగ్గారావు మావయ్య కాక, ఆయనొక్కడే ఉన్నాడు. రెండుసార్లు కొట్టు దాటి ముందుకెళ్ళిపోయి, మూడోసారి ఆగాను.

"ఏం కావాలి బేటీ?" అన్నాడాయన, ఆకురాయి పక్కన పెట్టి.

సీసా ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఓరు దుమ్మా?"

"రెండు పూటలు ఉంచానండి. తేరలేదు."

కరీం బాషా గారు సీసా నెమ్మదిగా దించాడు. "బెల్టు అప్పలసూరి కూతురివి కదూ? చూడమ్మా, నా ఉంగరం మనసు నెమ్మదికి. ఇంత రక్తం పోతా ఉంటే ఉంగరం ఏం చేస్తది?"

ఆదివారం లాడ్జీకి వెళ్తున్నారని ఎలాగో చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది.

"మా తమ్ముడు హుస్సేన్ ఆ మందు రాయించుకున్నాడు. మొల మాడింది, పక్కనున్న మంచి చోటూ మాడింది. ఆ పుండు మానేసరికి దారి ఇరుకైపోయింది. ఇప్పుడు వాడు అన్నం ముందు కూర్చుని ఏడుస్తాడు, తినాలంటే భయం. వెళ్ళనివ్వకు. నువ్వేం మాట్లాడక్కర్లేదు. ఈ సీసా మీ నాన్న కళ్ళముందు పెట్టు, చాలు."

మర్నాడు పొద్దున్న నాన్న గడ్డం గీసుకునే అద్దం పక్కన సీసా పెట్టాను.

"ఏటిది అమ్మీ?"

"నీ పంట్లాం నీళ్ళు నాన్నా."

"దుమ్ము."

"దుమ్మయితే అడుక్కి దిగిపోద్ది కదా."

నాన్న సీసా తీసి ఊపాడు. బల్ల మీద పెట్టి చూస్తూ నిలబడ్డాడు. సబ్బు నురగ చెంపల మీద ఎండిపోయింది. సైరన్ మోగింది. సగం గీసిన గడ్డంతోనే చొక్కా తొడుక్కుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

పది గంటల వేళ కుళాయి దగ్గర ఉన్నాను. బెల్టు మోత ఆగిపోయింది.

ఎన్నడూ వినని నిశ్శబ్దం అది. ఇళ్ళలోంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. జగ్గారావు మావయ్య భార్య దేముడమ్మత్త నా పక్కన నిలబడి నా భుజం మీద చెయ్యి వేసింది. బిందె నిండి పొర్లిపోతున్నా కుళాయి కట్టాలని ఎవరికీ తోచలేదు. తాతబాబు గారింటికి కబురు వచ్చింది కూడా ఈ వేళకేనని గుర్తొచ్చింది.

చాలాసేపటికి సందు మొదట్లో రిక్షా కనబడింది. జగ్గారావు మావయ్య నాన్నను పట్టుకుని కూర్చున్నాడు. నాన్న కళ్ళు తెరిచే ఉన్నాయి.

"కళ్ళు సీకట్లు కమ్మీసినాయి," అన్నాడు నాన్న నన్ను చూసి. "పడిపోతా తాడు లాగీసినాను. అయిదోసారి." ఇంకాస్సేపటికి అన్నాడు, "ఆ సీసా తీసుకురా అమ్మీ. పెద్దాసుపత్రికి ఎల్దాం."

ఆసుపత్రిలో డాక్టరు నాన్న కింది కనురెప్ప లాగి చూశాడు. లోపల దూదిలా తెల్లగా ఉంది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే నాన్న తల దించుకుని సీసా బల్ల మీద పెట్టాడు. డాక్టరు ఎవరినీ పిలవలేదు. తెర వేసి, తనే చేతితోనూ గొట్టంతోనూ పరీక్ష చేసి, చేతులు కడుక్కుని వచ్చాడు.

"మొలలే. అదృష్టవంతుడివి," అన్నాడు. "రక్తం పడితే మొలలే అనుకుంటారు అందరూ. లోపల పుండు ఉన్నా ఇలాగే పడుతుంది. చూడకుండా ఎవరూ చెప్పలేరు. మొదట్లోనే వస్తే తిండి మార్చి చూసేవాళ్ళం. కొంచెం ముదిరితే సూదిమందు, లేదా మొల మొదలుకి చిన్న రబ్బరు చుట్టు బిగిస్తే ఎండి రాలిపోతుంది. నీకవేవీ పనిచేయవు. కొయ్యాలి. కానీ ఒంట్లో ఉండాల్సిన రక్తంలో సగం కూడా లేదు. ముందు రక్తం ఎక్కించాలి."

"నా రగతం తీసుకోండి బాబూ," అని జగ్గారావు మావయ్య చొక్కా చెయ్యి మడిచాడు. పరీక్ష చేసి ఆయన్ని వెనక్కి పంపేశారు. "నాది పల్సగా ఉందంట. మా ఆవిడ కాసే సారులాగ," అని నవ్వాడు. ప్లాంటు నుంచి మరో ఇద్దరు వచ్చి ఇచ్చారు.

ఆపరేషన్ తర్వాత మొదటిసారి దొడ్డికి వెళ్ళాల్సి వచ్చినప్పుడు నాన్న పళ్ళు బిగపట్టి చేసిన మూలుగు వార్డు బయటికి వినిపించింది. నీళ్ళలో ఇసబ్‌గోలు గింజల పొట్టు కలిపి రోజూ రాత్రి తాగమన్నారు. నీళ్ళు బాగా తాగాలి, ముక్కకూడదు, దొడ్లో ఎక్కువసేపు కూర్చోకూడదు. వెళ్ళొచ్చిన ప్రతిసారీ గోరువెచ్చటి నీళ్ళ తొట్టెలో పావుగంట కూర్చోవాలి. కొన్నాళ్ళు చుక్కలుగా రక్తం పడొచ్చు. ధారగా పడినా, జ్వరం వచ్చినా, ఒంటేలు ఆగిపోయినా వెంటనే రమ్మన్నారు. ఇంటికొచ్చాక మూడు వారాలు నేను ఎవరికీ చెప్పకుండా నాన్న పంచె మీద ఆ చుక్కలు లెక్కపెట్టుకున్నాను. ఏడు, నాలుగు, మళ్ళీ తొమ్మిది. ఆ తొమ్మిది పడిన రోజు నాకు అన్నం దిగలేదు. తర్వాత రెండు. తర్వాత ఏమీ లేవు.

రెండు నెలలకు నాన్న మళ్ళీ బెల్టు మీదకు ఎక్కాడు. ఉంగరం తీసెయ్యలేదు. అలవాటైపోయిందన్నాడు. కానీ మధ్యాహ్నం ఇంటికొచ్చాక బట్టలు తనే బాల్చీలో ముంచి, పీట వాల్చుకుని, నీళ్ళు తేరేదాకా పక్కన కూర్చునేవాడు.

అలా కూర్చున్న ఒక సాయంత్రం జగ్గారావు మావయ్య వచ్చాడు.

"ఏటి బావా, బాల్చీలో సేపలు పడతన్నావేటి?"

"కూకో బావా," అని నాన్న ఇంకో పీట జరిపాడు.

"వొద్దులే. నిలబడే ఉంటాను."

నాన్న తలెత్తి చూశాడు. నేనూ చూశాను. మావయ్య ముఖం మీద నవ్వు ఉంది. దాని కింద చర్మం బూడిద పూసినట్టు ఉంది.

"బావా," అన్నాడు నాన్న. జీవితంలో మొదటిసారి ఆయన గొంతు నిజంగా నెమ్మదిగా వినిపించింది. "రేపు నీ పంట్లాం మా అమ్మీకి పంపు."

"మా ఆవిడికి సేతులు నేవేటి?" అని మావయ్య నవ్వాడు. మేం నవ్వలేదు. కాసేపటికి ఆయన నవ్వు కూడా ఆగిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం దేముడమ్మత్త కొంగు చాటున పంట్లాం తెచ్చింది. రెండో బాల్చీ నింపి అందులో ముంచాను. నాన్న పీట దాని పక్కకు జరుపుకున్నాడు. మావయ్య గుమ్మంలో ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. దుమ్ము మెల్లగా దిగడం మొదలుపెట్టింది. రెండు గంటలు దాటినా దాని మీద నీళ్ళు ఎర్రగానే నిలబడి ఉన్నాయి.

"ఇంటికి తాళం ఏసీసి రాయే," అన్నాడు నాన్న నాతో, బాల్చీ మీంచి కళ్ళు తియ్యకుండానే. "సీసా కూడా తీసుకురా."