తూకమైన సరుకు

కంప్యూటర్ మనం చెప్పిన మాట వింటుందని అన్నవాడెవడో గానీ, ఆదోనిలో మా పత్తి మండీలో ఒక్కరోజు కూడా కూర్చుని ఉండడు.

మా తమ్ముడు పెద్దకడుబూరులో ఒక పెండ్లికి పోయి, అక్కడ ఎమ్మిగనూరు పిల్లను చూసి వచ్చాడు. అప్పటినుంచి వాడికి అన్నం సయించలేదు. చేసుకుంటే ఆ పిల్లనే అని మొండికేశాడు. సరే కదా అని నేను ఫోన్ చేస్తే, పిల్ల తండ్రి గట్టివాడు. "వాట్సాప్ సంబంధాలు మాకొద్దప్పా. పిల్లోని ఫొటో, వివరాలు పద్ధతిగా మెయిల్లో పంపు" అన్నాడు.

మండీ కంప్యూటర్‌లో నాకు రెండు అడ్రసులున్నాయి, ఒకటి సొంతానిది, ఒకటి మండీది. వచ్చిన మెయిల్‌కు జవాబిస్తే, అది ఏ అడ్రసుకు వచ్చిందో దాన్నుంచే పోతుంది. కొత్తగా రాస్తే మాత్రం డిఫాల్ట్‌గా పెట్టినదాన్నుంచి పోతుంది. ఆ డిఫాల్ట్ మండీదని నాకేం తెలుసు! పైగా మండీ నుంచి ఏది పోయినా కింద రెండు వాక్యాలు వాటంతటవే అంటుకుంటాయి. నేనేమో తమ్ముడి ఫొటో పెట్టి, "మావాడు బుద్ధిమంతుడు" అని రాసి పంపేసి, నిశ్చింతగా టీ తాగాను.

సాయంత్రం ఫోన్ మోగింది. ఎమ్మిగనూరు పెద్దమనిషే.

"ఏమప్పా, సంబంధం పంపినావా, పత్తిమూట పంపినావా?"

"ఏమైంది పెద్దాయనా?"

"నీ తమ్ముని ఫొటో కింద ఏం రాసినావో సూసుకో పో!"

చూసుకున్నాను. "సరుకు చూసుకుని మాట్లాడవలెను. తూకమైన సరుకు వాపసు తీసుకోబడదు."

"నా కొంప ముంచినావు కదన్నా!" అని తమ్ముడు తల పట్టుకున్నాడు. వాడి మొహం చూస్తే నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ మంటంతా కంప్యూటర్ మీద చూపించి, డిఫాల్ట్‌ను నా సొంత అడ్రసుకు మార్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

మరునాడు మండీ అడ్రసుకు ఒక మెయిల్ వచ్చింది. రాసింది ఆ పిల్లే.

"మా నాయన కోపం నేను చూసుకుంటాను. సరుకును పెద్దకడుబూరులోనే చూసినాను. నచ్చింది. వాపసు లేదన్న మాట మీద మాత్రం నిలబడండి."

తమ్ముడు నన్ను కుర్చీలోంచి లేపేసి జవాబు రాయడానికి కూర్చున్నాడు. అది మళ్లీ మండీ నుంచే పోతుందని గుర్తొచ్చి, అడ్రసు మారుద్దామని నేను చెయ్యి పెట్టబోయాను.

"ముట్టొద్దన్నా!" అని అరిచాడు. "కింద ఆ రెండు మాటలూ ఉండాల!"